ఆవిడ అంటే ఏ ఆవిడ?

డాక్టరు నాన్చలేదు. ఆ ఆవిరి గదిలో ఇంకో చలికాలం గడిపితే ఊపిరితిత్తులు చిల్లులు పడ్డ కొలిమితిత్తుల్లా తయారవుతాయన్నాడు. "పని మార్చుకోండి. కుదరకపోతే మానుకోండి" అని మందుల చీటీ చేతిలో పెట్టాడు.

మానుకోవడమట! దారాలక్క ఆ మాటని దారి పొడుగునా నములుతూనే ఇంటికొచ్చింది. మొగుడు పోయిన నాటినుంచీ ఎవరి చేతి కిందా బతకని మనిషి. కొడుకు మంచివాడే. బస్సు నడుపుతాడు, తల్లిని పల్లెత్తు మాటనడు. కోడలు అంతకన్నా మంచిది. మంచివాళ్ళయితే మాత్రం? పొద్దున్నే లేచి కిటికీ దగ్గర చేరి, వీధిలో ఎవరొస్తున్నారు, ఎవరు పోతున్నారు అని కాపలా కాసే బతుకు తనకొద్దు. కాళ్ళూ చేతులూ ఆడుతున్నంతకాలం పనికి పోవలసిందే.

ఆవిడ పని చేసేది ఒక వృద్ధాశ్రమంలో, అడుగున ఆవిరి కమ్ముకుని ఉండే బట్టలుతికే గదిలో. ఆశ్రమంలోని పెద్దవాళ్ళ బట్టలన్నీ ఒకే మిషన్లో పడతాయి, ఒకే తీగ మీద ఆరతాయి. ఒకరి చొక్కా ఇంకొకరి ఒంటి మీదికి పోకుండా, మనిషికో రంగు చొప్పున, బట్ట లోపలి అంచున దారంతో చిన్న కుట్టు వేసేది. ఏళ్ళ తరబడి అలా కుట్లు వేసీ వేసీ దారాలక్క అయిపోయింది. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

సరిగ్గా అదే సమయానికి రెండో అంతస్తులో ఆయా పని ఖాళీ అయింది. పెద్దవాళ్ళకి స్నానాలు చేయించడం, తినిపించడం, వరండాలో చెయ్యి పట్టుకుని నడిపించడం. అదంతా దారాలక్కకు మంచినీళ్ళ ప్రాయం. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. షిఫ్టు దిగిపోయేముందు, ఆ రోజు ఎవరెలా ఉన్నారో ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి పెట్టాలి. రాత్రి షిఫ్టుకొచ్చే అమ్మాయిలు నాలుగు దిక్కుల నుంచీ వచ్చినవాళ్ళు. ఒకరి భాష ఒకరికి రాదు. అందరికీ అర్థమయ్యేది ఆ కాగితమే.

"రాయగలవా?" అంది మేట్రను, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ.

"అక్షరాలు వచ్చమ్మా. మాటలు కూడా చాలా తెలుసు. వాక్యం కూర్చడం నేర్చుకుంటాను."

"ఎప్పటికి?"

"మీరు ఎప్పటికంటే అప్పటికి."

మేట్రను నవ్వే రకం కాదు. కాసేపు ఆలోచించింది. "వచ్చే వారం పైన పని చేసి చూపించు. రాత కుదిరితే ఉంటావు. కుదరకపోతే మళ్ళీ కిందికే."

కిందికి కాదు తల్లీ, ఇంటికే, అనుకుంది దారాలక్క. పైకి మాత్రం "సరేనమ్మా" అని వచ్చేసింది.

కోడలు ట్యూషన్ సెంటర్లో ఇంగ్లీషు చెబుతుంది. ఆ ఇంట్లో అత్త పాఠం చెప్పడం, కోడలు తల వంచుకుని వినడం ఇన్నాళ్ళూ జరిగింది. ఇప్పుడు వంటగది బల్ల దగ్గర కుర్చీలు మారాయి. కోడలు ఒక చేత్తో జడ అల్లుకుంటూ, రెండో చేత్తో అత్తగారు అలవాటు కోసం రాసిన కాగితం తిప్పింది.

"అత్తయ్యా, మీరు రాసిన పెద్దావిడలు ఎంతమంది?"

"ఎంతమందేమిటే, పెద్దావిడంటే ఒక్కరే."

"మరి 'దే' అని రాశారేం? దే అంటే వాళ్ళు. గుంపు."

"నేనూ వాళ్ళు అనే రాశాను. అంత పెద్ద మనిషిని పట్టుకుని ఏకవచనంలో రాస్తానా? మా అమ్మ నన్నలా పెంచలేదు."

"ఇంగ్లీషులో ఆ గొడవ లేదత్తయ్యా. ఆడమనిషి ఒక్కరైతే 'షీ'. రాణిగారైనా షీ, రాణిగారి గది ఊడ్చే మనిషైనా షీ."

"ఇద్దరికీ ఒకటే మాటా? అంత దరిద్రం వచ్చిందేమే ఆ భాషకి!"

"దరిద్రమేం లేదు. మర్యాద ఆ మాటలో పెట్టుకోరు, వేరే చోట పెట్టుకుంటారు."

"ఎక్కడ?"

"ప్లీజులోనూ, థాంక్యూలోనూ."

"అంటే పైపూత అన్నమాట" అని తేల్చేసింది దారాలక్క. అయినా కాగితం లాక్కుని 'దే' మీద గీత కొట్టి, పెద్దావిడకి మనసులోనే ఒక దండం పెట్టుకుని, 'షీ' అని రాసింది.

కోడలు కింది వాక్యంలోకి వచ్చింది. "ఇక్కడ సూది వేసిన 'ఇట్' ఎవరు?"

"నర్సు. చిన్నపిల్ల కదా. అది వచ్చింది, అది సూది వేసింది."

"ఇట్ అంటే బల్ల, కుర్చీ, దుప్పటి. మనిషి కాదత్తయ్యా."

"మనం అనమా? నిన్ను నేను అననా? అది ఇంకా లేవలేదా, అది తిన్నదా అని?"

"అంటారు. నాకేం బాధ లేదు. అనండి, రాయకండి."

ముందు గదిలోంచి కొడుకు తల బయట పెట్టాడు. "మరి నేనేమిటమ్మా?"

"నువ్వు హీ. బస్సు టైమయింది, పోరా."

వారం మొదలైంది. దారాలక్క మనుషుల సంగతి చిటికెలో పట్టేసింది. ఎవరికి వేడినీళ్ళు కావాలి, ఎవరు చెయ్యి పట్టుకుంటే విదిలిస్తారు, ఎవరు మాత్ర మింగినట్టు నటించి దిండు కింద దాస్తారు, అన్నీ. మూల గదిలో ఇద్దరు పెద్దావిడలు ఉండేవారు. ఒకావిడ వెనకట పోస్టాఫీసులో కౌంటరు దగ్గర కూచునేవారు. ఆవిణ్ణి అందరూ పోస్టమ్మగారంటారు. మనిషి సన్నం, మాట పదును. రెండో ఆవిడ పాటమ్మ. మతి చెదిరిపోయింది గానీ గొంతు చెదరలేదు. ఏదో పాటలో ఒక్క చరణం మిగిలింది, దాన్నే పొద్దస్తమానం పాడుతూ ఉంటుంది.

పోస్టమ్మగారికి దారాలక్క మీద మొదటి రోజునుంచే గురి. సాయంత్రం రాసుకుంటుంటే మంచం మీదనుంచి అక్షరాలు చెప్పేవారు. "'నైట్' అంటే రాత్రి. మధ్యలో జీ, హెచ్ వేశావా? వినిపించని అక్షరాలే ముందు రాయాలి, వినిపించేవి వాటంతటవే వస్తాయి." ఆవిడకి 'దే' కథ కూడా తెలుసు. దారాలక్కే చెప్పి నవ్వించింది. "ఆ పని నీకే వస్తుందిలే. రాకపోతే మేట్రనుతో నేను మాట్లాడతా" అని ధైర్యం చెప్పేవారు.

అంతా నల్లేరు మీద బండి అనుకుంటుండగా ఒకనాడు పొద్దున్నే మేట్రను పిలిచింది. బల్ల మీద దారాలక్క కాగితం ఉంది.

"చదువు."

దారాలక్క చదివింది. ఆవిడ బాగా తిన్నది. ఆవిడకి కడుపులో నొప్పి వచ్చింది. ఆవిడ మాత్ర వేసుకున్నది. ఆవిడ వేసుకోనన్నది. ఆవిడ ఏడ్చింది. అన్నీ షీలే. ఎక్కడా దే లేదు, ఇట్ లేదు. తప్పేమిటో తోచక తలెత్తింది.

"ఆ గదిలో ఉన్నది ఇద్దరు" అంది మేట్రను. "ఆవిడ అంటే ఏ ఆవిడ? రాత్రి అమ్మాయి నాకు ఇంటికి ఫోన్ చేసింది. ఇలా అయితే లాభం లేదక్కా. కింద నీ మిషన్ ఇంకా ఎవరికీ ఇవ్వలేదులే."

దారాలక్క కాళ్ళు కదపలేదు. "మీరు వారం అన్నారమ్మా. వారం ఇంకా అవలేదు."

మేట్రను ఆవిడ వంక ఒక చూపు చూసి, కాగితం వెనక్కిచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో కోడలికి జాలేసింది. "అత్తయ్యా, మీరు ఫోన్లో చెప్పండి. నేను ఇంగ్లీషులో పంపిస్తాను. చూసి ఎక్కించుకోండి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది" అంది దారాలక్క. "అరువు కాళ్ళతో ఎంత దూరం నడుస్తానే? రేపు నీకు జ్వరమొస్తే ఆశ్రమంలో అందరూ నోరు మూసుకుని పడుకోవాలా?"

అని, కుట్టుపెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించింది. పోస్టమ్మగారికి పచ్చ, పాటమ్మకి ఎరుపు. అవే రంగులు కింద వాళ్ళ బట్టలకి కుట్టేది. కాగితం మీద ప్రతి షీ దగ్గరా దారం కొస పెట్టి, ఆ మాట ఎవరిదో వాళ్ళ పేరు దాకా లాగింది. మొదటి రెండూ తిన్నగా పోయాయి. మూడోది లాగేసరికి ఎరుపు వెళ్ళి పచ్చని దాటింది. తర్వాతది మళ్ళీ దాన్ని దాటింది. చూస్తుండగానే బల్లంతా చిక్కు.

"ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టింది దారాలక్క. "దారం ఇంకో మనిషి మీదనుంచి పోతున్న చోట ఆవిడ అనకూడదు. పేరే రాయాలి. రంగులు చాలక ఇద్దరికి ఒకే దారం పడ్డప్పుడు నేను రంగుని నమ్మేదాన్నా? పేరు కుట్టేదాన్ని."

"అదేనత్తయ్యా. పుస్తకంలో అదే ఉంటుంది, పేజీన్నర."

"పేజీన్నరా! వాళ్ళకేం పనీపాటా లేదా?"

కాగితం మొదటినుంచీ మళ్ళీ రాసింది. కుదరక చింపి మళ్ళీ రాసింది. కోడలు తనకు నిద్రొస్తోందని లేచిపోతే, "పోయి పడుకో, దీపం నేనార్పుతాలే" అంది గానీ తల మాత్రం ఎత్తలేదు.

మర్నాటి కాగితం చూసి మేట్రను ఏమీ అనలేదు. ఆ మర్నాడూ అనలేదు. మేట్రను ఏమీ అనకపోవడమంటే మెచ్చుకోవడమేనని పోస్టమ్మగారు అర్థం చెప్పారు.

ఇక వారం ముగింపుకొచ్చింది. ఆ మధ్యాహ్నం టీలు అయ్యాక, గదిలో పాట హోరుకి వాక్యం కుదరడం లేదని దారాలక్క వరండాలో చిన్న బల్ల వేసుకుని రాసుకుంటోంది. లోపల పాటమ్మ పాడుతోంది. పాడుతోంది, పాడుతోంది, ఉన్నట్టుండి చరణం మధ్యలో ఆగిపోయింది.

ఆ గదిలో పాట ఆగడమంటే పిల్లలున్న ఇంట్లో చప్పుడు ఆగినట్టే. దారాలక్క కలం పడేసి పరిగెత్తింది.

పాటమ్మ మంచం అంచున కూచుని, ఎడం చేతి మణికట్టు కుడిచేత్తో పట్టుకుని ఉంది. పోస్టమ్మగారు ఎదురుగా నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో తల దువ్వుకునే చెక్క బ్రష్షు ఉంది.

"ఏమైందమ్మా?" అని పాటమ్మ చెయ్యి విడదీసి చూసింది. చర్మం కందిపోయి ఎర్రగా తేలింది.

"ఏమో" అని నవ్వింది పాటమ్మ. "ఎవరో తలుపు కొట్టారు."

పోస్టమ్మగారు మంచం మీద కూలబడ్డారు. బ్రష్షు పక్కన పెట్టారు. "పొద్దుటినుంచీ అదే ముక్క. చెవులు తూట్లు పడిపోతున్నాయే. చెయ్యి దానంతటదే లేచింది."

దారాలక్క తడిబట్ట తెచ్చి పాటమ్మ చేతికి చుట్టింది.

"రాయకు" అన్నారు పోస్టమ్మగారు.

దారాలక్క తడిబట్ట కొసలు ముడి వేసింది.

"రాస్తే నన్ను ఆ చివరి గదిలో పడేస్తారు. అక్కడ కిటికీ తీస్తే గోడ. నా సంగతి సరే, నీ సంగతి ఆలోచించుకో. ముందు అడిగేది నిన్నే, ఆయా ఎక్కడ చచ్చిందీ అని. ఇద్దరం గొడవపడ్డామని రాసెయ్యి. 'దే' అను. నీకిష్టమైన మాటేగా."

దారాలక్క వరండాలోకొచ్చి కూచుంది. దే. ఎంత చక్కగా అతుకుతుందో! మనుషులు ఇద్దరు, మాట ఇద్దరికి సరిపోయేది. కోడలు భూతద్దం పెట్టి వెతికినా గీత పెట్టలేదు. మేట్రను చదివి పక్కన పెట్టేస్తుంది. రేపటితో వారం అయిపోతుంది. పైన వెలుతురు, గాలి, దగ్గు లేని ఛాతీ. పోస్టమ్మగారి కిటికీ ఎక్కడికీ పోదు. ఎవరికీ నష్టం లేదు.

లేదా? రాత్రి అమ్మాయి వస్తుంది. దే గొడవపడ్డారు అని చదువుతుంది. ముసలివాళ్ళు గొడవపడకుండా ఉంటారా అనుకుంటుంది. దీపం తీసి, తలుపు చేరవేసి, ఇంకో గదికి పోతుంది. తెల్లారగట్ల పాటమ్మ మళ్ళీ మొదలుపెడుతుంది. ఈసారి ఎవరో తలుపు కొట్టారని చెప్పడానికైనా నోరు లేస్తుందో లేదో.

లోపలికి తొంగి చూసింది. పాటమ్మ ఆ తడిబట్టని వేలితో నిమురుతోంది, అది ఎందుకుందో తెలియక.

దారాలక్క కలం తీసుకుంది. ఎవరు కొట్టారో పేరుతో రాసింది. ఎవర్ని కొట్టారో పేరుతో రాసింది. దేనితో, ఏ చేతి మీద, ఎందుకు, అన్నీ రాసింది. పొద్దుటినుంచీ పాట ఆగలేదనీ, కొట్టాక పోస్టమ్మగారు మంచం మీద కూలబడ్డారనీ కూడా రాసింది, అదీ నిజమే గనక. రాత్రి ఇద్దర్నీ ఆ గదిలో ఒంటరిగా వదలవద్దని రాసింది. చివర్న ఇంకో వాక్యం మిగిలింది. దాని దగ్గర కలం చాలాసేపు ఆగింది. ఐ వాజ్ నాట్ ఇన్ ద రూమ్. ఆ 'ఐ' ఎవరిదని దారం పట్టి వెతకక్కర్లేదు.

కాగితం తీసుకుని నేరుగా పోస్టమ్మగారి దగ్గరికే వెళ్ళింది. "రాశానమ్మగారూ. మీ వెనకాల ఇవ్వడం ఇష్టం లేదు. వినండి" అని ఒక్కొక్క వాక్యం చదివింది.

పోస్టమ్మగారు అంతా విన్నారు. "తప్పుల్లేవు" అని, గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ సాయంత్రం తలుపు తీస్తూనే కోడలు అడిగింది. "ఇవాళ తప్పులున్నాయా అత్తయ్యా?"

"రాతలో లేవు" అంది దారాలక్క. జరిగింది చెప్పింది. భోజనం చేస్తున్న కొడుకు చెయ్యి ఆగిపోయింది.

"కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనమ్మా! ఇద్దరూ కీచులాడుకున్నారంటే పోయేదిగా."

"పోయేది. ఆ ముసలమ్మ చెయ్యి పోయేది. నువ్వు తిను."

తెల్లవారి మేట్రను గదిలో దారాలక్కని కూచోమనలేదు.

"నువ్వు గదిలో లేవు."

"లేనమ్మా."

"ఎక్కడున్నావు?"

"వరండాలో రాసుకుంటున్నాను."

"మనుషుల్ని వదిలేసి, ఆ మనుషుల గురించే రాస్తున్నావు."

కొరడా దెబ్బలా తగిలింది. దారాలక్క తల దించుకుంది గానీ గొంతు దించలేదు. "తప్పేనమ్మా. ఇకమీదట బల్ల గదిలోనే వేసుకుంటాను."

"ఇకమీదట ఉందని నేనన్నానా?" మేట్రను కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. "పాటమ్మ కూతురు రాత్రే వచ్చింది. చెయ్యి చూసింది. మా అమ్మకి ఇంతకు ముందు కూడా ఇలాగే కందింది, ఎవర్నడిగినా తెలియదన్నారు అంది. పాత కాగితాలన్నీ తీసి చూశాను. నీకు ముందున్న ఆయా రోజూ ఒకటే రాసేది. అందరూ బాగున్నారు. ఆ ఒక్క వాక్యంలో ఏ తప్పూ ఉండదు."

మేట్రను కిటికీ దగ్గరనుంచి వచ్చి మళ్ళీ కూచుంది.

"గదిలో లేనందుకు మెమో ఇస్తాను. నీ కొత్త ఫైల్లో మొదటి కాగితం అదే అవుతుంది."

కొత్త ఫైలు అన్న మాట చెవిన పడ్డాక అర్థమయ్యేసరికి ఒక క్షణం పట్టింది. "ఇవ్వండమ్మా" అంది దారాలక్క. "సంతకం ఎక్కడ పెట్టాలి?"

"పోస్టమ్మగారిని చివరి గదికి మార్చాం. ఆ గదీ నీ కిందిదే. రాత్రినుంచీ ఎవరు పెట్టినా ముద్ద ముట్టలేదు. ముందు అటు పో."

చివరి గదిలో కిటికీ తెరిచే ఉంది. ఎదురుగా నిజంగానే గోడ. పోస్టమ్మగారు ఆ గోడని కూడా చూడకుండా, మంచం పక్కనున్న ఇంకో గోడకి తిరిగి పడుకున్నారు. స్టూలు మీద జావ గిన్నె తొరక కట్టి ఉంది.

దారాలక్క కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూచుంది.

"నువ్వేనా?" అన్నారు పోస్టమ్మగారు, తిరక్కుండానే.

"నేనేనమ్మగారూ."

"తినలేదని రాసుకో. షీ డిడ్ నాట్ ఈట్. స్పెల్లింగు చెప్పనా?"

"వచ్చు. కానీ ఇప్పుడే రాయను. సాయంత్రానికి చాలా టైముంది."

దారాలక్క గిన్నె తీసుకెళ్ళి జావ వేడి చేసి తెచ్చి, మళ్ళీ అదే కుర్చీలో కూచుంది. పోస్టమ్మగారు కదల్లేదు. అది చల్లారింది. మళ్ళీ తీసుకెళ్ళింది, దారిలో మూల గదిలో పాటమ్మని పలకరించి మళ్ళీ తెచ్చింది. వంటవాడు "ఏం దారాలక్కా, జావకి షికారు చేయిస్తున్నావా?" అని ఆటపట్టించాడు. "నీ పొయ్యికి పుణ్యం" అని గిన్నె అందుకుని వచ్చేసింది.

పక్క గదిలో ఎవరో తలుపు వేశారు. వరండా చివర పాటమ్మ గొంతు సన్నగా వినిపిస్తోంది. పోస్టమ్మగారి భుజం ఒకసారి బిగుసుకుని, మెల్లగా వదులైంది.

"దాని చెయ్యి ఎలా ఉంది?"

"వాపు దిగింది."

"నన్ను అడిగిందా?"

"మీ పాత మంచం మీద దిండు సర్దింది. ఎవరి కోసమంటే చెప్పలేకపోయింది."

పోస్టమ్మగారు గోడతో అన్నట్టుగానే అన్నారు. "ఆ జావలో ఉప్పు లేదు."

"రుచి చూడకుండానే ఎలా తెలిసిందమ్మగారూ?"

"ఈ కొంపలో ఎప్పుడుంది గనక!"

దారాలక్క గిన్నె స్టూలు మీద పెట్టి, ఉప్పు కోసం లేచింది.